ఏదులకోన అడవికి టైమ్‌టేబుల్

మా ఏదులకోన అటవీ డివిజన్‌లో జంతువులు వేళాపాళా లేకుండా తిరుగుతున్నాయన్న సంగతి మొన్న ఫిబ్రవరి దాకా ఎవరికీ తట్టలేదు. నేను ఆ ఆఫీసులో పద్దెనిమిదేళ్లుగా జూనియర్ అసిస్టెంట్‌ని. పేరు పద్మాకరం. డివిజన్‌లో పుట్టే ప్రతి కాగితమూ నా చేతుల మీదుగానే పోతుంది కాబట్టి, అడవిలో ఏం జరిగినా, ఏం జరగకపోయినా నాకు తెలిసిపోతుంది. అడవిని మాత్రం అప్పటికి రెండుసార్లే చూశాను. రెండుసార్లూ జీపులోంచే.

ఫిబ్రవరిలో మా డి.ఎఫ్.ఓ. కోనేటి త్రివిక్రమం గారు రాజధానిలో మూడు రోజుల శిక్షణకు వెళ్లారు. అక్కడ ఒక ప్రొఫెసరు గారు, వేడి దేశాల అడవుల్లో పెద్ద పెద్ద జంతువులన్నీ ఒకేచోట ఎలా సర్దుకుపోతాయో పాఠం చెప్పారట. దుప్పి, దానికంటే పెద్ద జింక కణితి, అడవిపంది, ఎలుగుబంటి, చిరుత, పెద్దపులి అన్నిటికీ అదే అడవి. కానీ తినే తిండి వేరు, మేసే ఎత్తు వేరు, తిరిగే వేళ వేరు. అందుకే కొట్లాట తక్కువ. అడవి ఇలా ఉంటుంది అని ప్రొఫెసరు గారు పాపం ఉన్నమాట చెప్పారు. అడవి ఇలా ఉండాలి అని మా సారు నోట్‌బుక్‌లో రాసుకొచ్చారు.

త్రివిక్రమం గారు చెడ్డమనిషి కాదు. ఎవరి మీదా గొంతు పెంచరు. అటెండరు కూతురి పెళ్లికి వెళ్లి ఆఖరి బంతి దాకా నిలబడి వడ్డించారు. ఏ పని చేసినా మనసుపెట్టి చేస్తారు. మాకు వచ్చే చిక్కంతా అక్కడే.

తిరిగొచ్చిన మర్నాడు పదిన్నరకు ఆఫీసులో అడుగు పెట్టగానే నన్ను పిలిచారు.

“పద్మాకరం, మన అడవిలో క్రమశిక్షణ ఉందా?”

“ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదండీ.”

“అదే మన లోపం. రాసుకో.”

రాసుకున్నాను. ‘ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయడమేమనగా’ అని మొదలైన ఆ సర్క్యులర్ పేరు వన్యప్రాణి సమయపాలన పథకం. దుప్పులకు ఉదయం ఐదున్నర నుంచి ఎనిమిది వరకు, మళ్లీ సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరున్నర వరకు. కణుతులకు రాత్రి ఏడు నుంచి తెల్లవారుజామున నాలుగు వరకు. ఎలుగుబంట్లకు కణుతుల వేళలే, ఇప్పపూల రోజుల్లో ఒక గంట అదనం. పెద్దపులికి మాత్రం నిర్ణీత వేళలు లేవు. అవసరాన్ని బట్టి వస్తుంది, అవసరాన్ని బట్టి వెళుతుంది. గెజిటెడ్ హోదా ఉన్నవారి విషయంలో మా ఆఫీసులో ఉన్న పద్ధతే అది.

మేత ఎత్తు కూడా పంచారు. చెట్ల మొదళ్లకు తెల్లరంగు పట్టీలు వేయించారు. కింది పట్టీ దాకా దుప్పులది, దాని పై పట్టీ దాకా కణుతులది, ఆ పైదంతా కొండముచ్చులది. వారం రోజుల్లో మా అడవి కొత్తగా కట్టిన అపార్టుమెంటులా తయారైంది.

ఎవరు ఎప్పుడు వచ్చారో చూడటానికి కెమెరాలు ముందే ఉన్నాయి. అడవిలో మోకాలెత్తున చెట్లకు కట్టేసి ఉంటాయి. ఎదురుగా ఏది కదిలినా వాటంతట అవే ఫొటో తీస్తాయి, ఫొటో మీద తేదీ, టైము పడతాయి. ప్రతి సోమవారం ఆ ఫొటోలు ఆఫీసుకు వస్తాయి. ఒక కంపెనీవాళ్లు అమర్చిన కంప్యూటరు ఏ ఫొటోలో ఏ జంతువుందో చెబుతుంది. ఇంతకుముందు వాటితో జంతువుల్ని లెక్కపెట్టేవాళ్లం. ఇప్పుడు హాజరు వేస్తున్నాం.

వేళ తప్పిన జంతువుకు మెమో ఇచ్చే వీలు చట్టంలో లేదని ఫైల్లో నోట్ పెట్టింది నేనే. పని అక్కడితో ఆగిపోతుందనుకున్నాను. సారు దాని పక్కనే పచ్చసిరాతో ‘అయినచో బాధ్యత సంబంధిత బీటు వాచరుది. మూడు సంజాయిషీలు సంతృప్తికరముగా లేనిచో వాచరు తొలగింపు’ అని రాశారు. బీటంటే అడవిలో ఒక వాచరు కాపలా కాసే ముక్క. ఆ నోట్ పెట్టిన చేతిని ఆ తర్వాత నేను చాలాసార్లు తిట్టుకున్నాను.

మొదటి నెల ఫలితాలు వచ్చాయి. ఎండుపాయ బీటులో సమయ ఉల్లంఘనలు సున్నా. ఆ బీటులో జంతువులు కూడా సున్నాయే. కెమెరాలో పడినవి మేకలూ, ఒక మోటారు సైకిలూ. వాటికి టైమ్‌టేబుల్ లేదు కాబట్టి అవి ఉల్లంఘన కిందికి రావు. ఆ బీటు వాచరు ఓబులేసుకు శాలువా కప్పి, తక్కిన వాచర్లంతా అతన్ని చూసి నేర్చుకోవాలని సారు ప్రసంగించారు. ఎలా నేర్చుకోవాలో అందరికీ బాగానే అర్థమైంది. మరుసటి వారానికల్లా చాలా బీట్లలో కెమెరాలు జంతువులు తొక్కని దారుల్లోకి మారిపోయాయి.

మారనిది ఒక్క బిల్లుడుమాను బీటు. దాని వాచరు చిగుర్ల పెద్దులు. చెంచుపెంటలో, అంటే చెంచుల గూడెంలో పుట్టిన మనిషి, నలభై అయిదు దాటి ఉంటాయి. ఉద్యోగం టెంపరరీ, అడవి మాత్రం పుట్టినప్పటినుంచీ పర్మనెంటు. పెళ్లాం ఈదమ్మతో అడవిలోని బేస్ క్యాంపు గదిలోనే కాపురం. డివిజన్‌లో ఉన్న జంతువుల్లో సగం అతని బీటులోనే ఉన్నాయి. అందుకని ఉల్లంఘనలన్నీ అక్కడే జరిగాయి.

మెమో పట్టుకుని నీళ్ల టాంకరెక్కి ఆఫీసుకొచ్చాడు పెద్దులు.

“సారూ, ఏందిది?”

“మెమో.”

“నేనేం జేసినా?”

“నువ్వేం చేయలేదు. మార్చి ఏడున పగలు పదకొండూ ఇరవైకి నలభై మూడు దుప్పులు సాసర్‌పిట్ దగ్గరికి వచ్చాయి. వాటి టైము ఎనిమిదికే అయిపోయింది.”

సాసర్‌పిట్ అంటే ఎండాకాలం జంతువుల కోసం నేలలో కట్టిన పళ్లెంలాంటి సిమెంటు తొట్టి. టాంకరు దాన్ని నింపుతుంది. పెద్దులు కాసేపు ఆలోచించాడు.

“నలభై మూడు గాదు సారూ, నలభై ఆరు. మూడు పిల్లలుండాయి. తల్లుల ఎనకమాల నిలబడ్తాయి, ఫొటోలో పడవు.”

“అది అడగలేదయ్యా. ఆ వేళప్పుడు ఎందుకొచ్చాయో చెప్పు.”

“దప్పికైతే రావా?”

అతనికి రాయడం రాదు. ‘దప్పిక కారణముగా వచ్చినవి’ అని నేనే రాసి వేలిముద్ర వేయించాను. సారు చదివి, పక్కన రాశారు. ‘దప్పిక వ్యక్తిగత కారణము. అంగీకారయోగ్యము కాదు.’

రెండో మెమోలో రెండు అభియోగాలు. మొదటిది, కొండముచ్చులు పై ఎత్తులో ఆకులు తింటూ సగం కిందికి విదిలిస్తుండగా దుప్పులు కింద నిలబడి వాటిని తినడం. ఇది ‘పై అంతస్తు కేటాయింపును కింది అంతస్తుకు అనధికారికముగా బదలాయించుట’ కిందికి వచ్చింది. రెండోది, దుప్పులు, కణుతులు, అడవిపందులు పగలు పదకొండున్నరకు ఒకే తొట్టి చుట్టూ గుమికూడటం.

ఈసారి సారు పెద్దుల్ని స్వయంగా విచారించారు.

“కొండముచ్చులు ఎన్నాళ్లుగా ఇలా చేస్తున్నాయి?”

“మా తాత కాలం కాడినించీ సారూ. పైన అవి పులిని జూసి అరుస్తాయి, కిందున్నోటికి కూత అందుతాది. కింద ఇయ్యి వాసన పట్టి చెప్తాయి. ఒకదానికొకటి ఆసరా.”

“లిఖితపూర్వక ఒప్పందం ఏదైనా ఉందా?”

“లేదు సారూ.”

“ఊఁ. సరే, అన్నీ కలిసి పదకొండింటికే ఎందుకు వస్తున్నాయి?”

“నీళ్లు అప్పుడే గదా వచ్చేది.”

దాంతో టాంకరు డ్రైవరు మస్తాన్‌ను పిలిచారు. మస్తాన్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“నీళ్లు పదకొండింటికి ఎందుకు పోస్తున్నావు?”

“నేను ఏడుకే టాంకరు నింపుకొని ఇక్కడే కూచుంటా సార్. డీజిల్ చీటీ రావాల గదా.”

“చీటీ ఎవరివ్వాలి?”

మస్తాన్ నా వైపు చూశాడు. నేను గోడ గడియారం వైపు చూశాను.

“చీటీ నేను రాస్తానండీ. దాని మీద తమరి సంతకం పడాలి.”

“నేనెప్పుడు పెడుతున్నాను?”

“పదిన్నరకండీ.”

నలభై ఆరు దుప్పులు, తొమ్మిది కణుతులు, ఒక పందుల మంద, వాటి కోసం పొదల్లో కాచుక్కూచున్న చిరుత, ఇన్ని ప్రాణాలు రోజూ మా సారు ఉదయపు నడక ముగించి, టిఫిను చేసి వచ్చి చేసే సంతకం కోసం ఎదురుచూస్తున్నాయని ఆ క్షణంలో గదిలో ఉన్న నలుగురికీ తెలిసింది. ఇంక గొడవ తీరిపోయిందనే అనుకున్నాను.

“ముందురోజు సాయంత్రమే సంతకం పెట్టేస్తేనోనండీ?” అన్నాను.

“ఏ రోజు డీజిలుకు ఆ రోజు తేదీ ఉండాలి పద్మాకరం. రూలు.” ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “టాంకరు పరిపాలనా విషయం. దుప్పి సాంకేతిక విషయం. రెంటినీ కలపకూడదు. సంజాయిషీ సంతృప్తికరంగా లేదు.”

బయటికొచ్చాక పెద్దులు మెట్ల మీద కూర్చున్నాడు.

“మూడోది గూడా వస్తే తీసేస్తారా సారూ?”

“తీసేస్తారు.”

“క్యాంపులో గది?”

“అదీ ఖాళీ చేయాలి.”

అతను తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి మొహం తుడుచుకున్నాడు. “గది పోతే పోనీలే. గుడిసేసుకుంటా. మల్ల ఆదివారం ఎట్ల?”

“ఆదివారం ఏముంది?”

“ఆదివారం ఆఫీసుండదు గదా. సంతకం ఉండదు, టాంకరు రాదు. రెండో శనివారం అంతే.” తన తప్పు చెప్పుకుంటున్నవాడిలా గొంతు తగ్గించాడు. “వాగులో చెలమ తవ్వినా సారూ, కొంచెం దూరం. చీకటితో లేచి నాలుగు కావళ్లు మోసి తొట్లో పోస్తా. ఎండలు ముదిరినాయి గదా, పిల్లలుండాయి.”

పద్దెనిమిదేళ్లుగా ఆదివారాలు హాయిగా పడుకుంటున్నాను. ఆదివారం జంతువులు ఏం తాగుతాయన్న ఆలోచన ఒక్కసారి కూడా నాకు రాలేదు. నాకు సిగ్గేసింది. పైగా అతనికి చెప్పవలసిన మాట ఇంకొకటి ఉంది. అనుమతి లేకుండా అడవి జంతువులకు నీరు గానీ మేత గానీ అందించే సిబ్బందిని సంజాయిషీ కూడా అడగకుండా తొలగించవచ్చని మా రూళ్ల పుస్తకంలో ఉంది.

“ఈ మాట ఎవరితోనూ అనకు” అన్నాను.

“ఎవురితో అంటా సారూ, ఆడ ఎవురుండారు?” అని టాంకరెక్కి వెళ్లిపోయాడు.

పెద్దులు నోరు మూసుకున్నాడు గానీ కెమెరా మూసుకోలేదు. ఏప్రిల్‌లో ఒక సోమవారం సారు నన్ను కేకేసి పిలిచారు. అంత సంతోషంగా ఆయన్ని ఎన్నడూ చూడలేదు.

“పద్మాకరం! బిల్లుడుమాను బీటులో దుప్పులు మూడు ఆదివారాలుగా సరిగ్గా ఐదూ యాభైకి వస్తున్నాయి. టైమ్‌టేబుల్ ప్రకారం! సోమవారం నుంచి శనివారం దాకా ఉల్లంఘన, ఆదివారం మాత్రం క్రమశిక్షణ. ఏమిటి కారణం?”

“తెలియదండీ” అన్నాను. ఆ ఆఫీసులో నేనాడిన అబద్ధాల్లో అదొక్కటే నాకు గర్వంగా ఉంది.

“నాకు తెలిసింది. ఇది చూడు.”

తెల్లవారకముందు మసక వెలుతురులో కెమెరా తీసిన ఫొటో. కెమెరా మోకాలెత్తున ఉంటుందని చెప్పాను కదా. ఫొటోలో మోకాళ్ల కిందనుంచి రెండు కాళ్లు ఉన్నాయి. చెప్పుల్లేవు. తడిసి, బురద పట్టి ఉన్నాయి. కింద కంప్యూటరు రాసింది: ‘పెద్ద క్షీరదము. జాతి నిర్ధారణ కాలేదు.’

“కంపెనీ వాళ్లకు ఫోన్ చేశాను. ముందు కాళ్లు ఫొటో అంచుకు బయట ఉండవచ్చన్నారు” అన్నారు సారు. “ఈ జంతువు ముందు వస్తోంది, దాని వెనకే దుప్పులు వస్తున్నాయి. అంటే ఇది వాటికి సమయపాలన నేర్పుతోంది. ఇన్నేళ్ల సర్వీసులో ఇలాంటిది చూడలేదు పద్మాకరం. దీనికి ఆదివారం ఐదు నుంచి ఆరు వరకు స్లాటు కేటాయించు. చీఫ్ కన్జర్వేటర్ గారికి రిపోర్టు పంపు.”

స్లాటు కేటాయించాను, రిపోర్టు పంపాను. అదే రోజు, తక్కిన రోజుల ఉల్లంఘనలకు పెద్దులుకు మూడో మెమో కూడా టైపు చేశాను. దానికి జవాబూ వచ్చింది, సంతృప్తికరముగా లేకపోవడమూ అయింది. తొలగింపు ఉత్తర్వు తయారై సారు బల్ల మీద చేరింది. సోమవారం పదిన్నరకు సంతకం. అంతకుముందురోజే, ఆదివారం తెల్లవారుజామున, చీఫ్ కన్జర్వేటర్ వైజయంతి గారు కొత్త జంతువును చూడటానికి వస్తున్నట్టు కబురొచ్చింది.

అలా నేను మూడోసారి అడవిని చూశాను. సాసర్‌పిట్ ఎదురుగా తాటాకులతో చాటు కట్టారు. లోపల వైజయంతి గారు, త్రివిక్రమం గారు, నోట్స్ రాసుకోవడానికి నేను. దారి చూపించడానికి వచ్చిన పెద్దుల్ని కూడా సారు అక్కడే కూర్చోబెట్టారు. “నువ్వు అటూ ఇటూ తిరిగితే జంతువు బెదురుతుంది. కదలొద్దు” అన్నారు.

ఐదైంది. ఐదున్నరైంది. ఆదివారం కాబట్టి తొట్టి ఎండిపోయి ఉంది. ఐదూ నలభై ఐదుకు దుప్పులొచ్చాయి. ముందు ఒక ముసలి పెంటి, వెనక మిగతావి, తల్లుల చాటున మూడు పిల్లలు. అన్నీ తొట్టి దగ్గరికి వెళ్లి మూతులు దించాయి, ఎత్తాయి. నీళ్లు లేవు. వెళ్లిపోతాయనుకున్నాను. వెళ్లలేదు. అన్నీ ఒకే వైపుకు, వాగు నుంచి వచ్చే కాలిబాట వైపుకు తిరిగి నిలబడ్డాయి.

“ఎందుకలా అటే చూస్తున్నాయి?” వైజయంతి గారు మెల్లగా అడిగారు.

“క్రమశిక్షణ మేడం” అన్నారు సారు అంతకంటే మెల్లగా.

పిల్లల్లో ఒకటి ఖాళీ తొట్టిలోకి దిగి సిమెంటును నాకడం మొదలుపెట్టింది. నా పక్కన పెద్దులు ఊపిరి గట్టిగా తీస్తున్నాడు. అతని చేయి పట్టుకున్నాను. కదిలావంటే ఉన్నదీ పోతుందని చెవిలో చెప్పాను. అతను నా చేయి నెమ్మదిగా విడిపించుకుని, చాటు వెనకనుంచి బయటికి పోయాడు.

పావుగంటకు కాలిబాట మీద కావడి కనిపించింది. రెండు డబ్బాలు, మధ్యలో పెద్దులు. దుప్పులు నాలుగడుగులు పక్కకు జరిగి దారిచ్చాయి, అంతే. కెమెరా క్లిక్‌మంది. అతను నీళ్లు కుమ్మరించి, మా వైపు చూడకుండా రెండో కావడికి వెళ్లిపోయాడు. దుప్పులు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తాగాయి.

త్రివిక్రమం గారి మొహం చూస్తే నాకే జాలేసింది. పాపం, ఆయన నిజంగానే కొత్త జంతువును చూడబోతున్నాననుకున్నారు.

“త్రివిక్రమం గారూ” అన్నారు వైజయంతి గారు, దుప్పుల మీదనుంచి చూపు తిప్పకుండా. “అనుమతి లేకుండా మనిషెవరైనా ఇలా నీళ్లు పోస్తే రూలేమిటి?”

“తొలగింపు మేడం.”

“అదే పని జంతువు చేస్తే?”

“జంతువు చేస్తే అభ్యంతరం లేదు మేడం. పైగా దాన్ని దాని చోటునుంచి కదిలించడానికి ఎవరికీ అధికారం లేదు.”

“కంప్యూటరు దీన్ని ఏమంది?”

“పెద్ద క్షీరదం, జాతి నిర్ధారణ కాలేదు.”

“అయితే మనమెవరం కాదనడానికి?” అని ఆవిడ లేచారు. “దీన్ని ఈ బీటునుంచి కదిలించకండి. ఒక్కటే ఉంటే జాతి నిలవదు. ప్రతి బీటుకూ ఒకటి ఉండేలా చూడండి. జాతి వివరణ పత్రం పూర్తిచేసి పంపండి.”

త్రివిక్రమం గారు తల వంచి సరేనన్నారు. తర్వాత, నేను వింటున్నానని తెలియక, “ఐదూ నలభై ఐదుకు వచ్చాయి పాపం. టైముకే వచ్చాయి” అని తనలో తాను అనుకున్నారు.

సోమవారం పదిన్నరకు సారు తొలగింపు ఉత్తర్వును అడ్డంగా కొట్టేశారు. డీజిల్ చీటీ మీద సంతకం కూడా పదిన్నరకే పెట్టారు. టాంకరు పరిపాలనా విషయం, అది మారలేదు. మధ్యాహ్నం నేను పెద్దుల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని జాతి వివరణ పత్రం తీశాను.

“ఆహారం?”

“జొన్న సంగటి, ఉంటే చింతాకు పప్పు. ఆదివారం నిద్ర చెడగొట్టినందుకు ఈదమ్మతో తిట్లు.”

“జత?”

“ఒకటే సారూ. అదే ఎక్కువ.”

“శత్రువులు?”

పెద్దులు నవ్వడం ఆపాడు. బల్ల మీద ఉన్న మూడు మెమోల వైపు చూశాడు, నా మొహం వైపు చూశాడు. ఆ మెమోలు మూడూ నేను టైపు చేసినవే.

“అది ఇడ్సిపెట్టు సారూ” అన్నాడు.

గడి ఖాళీగా వదిలితే పత్రం వెనక్కి వస్తుంది. అతను వెళ్లాక నేనే నింపాను. ‘శత్రువులు: పగలు పదిన్నర తర్వాత సంచరించును. ఆదివారము, రెండవ శనివారము కనిపించవు.’

సారు చదివి, పచ్చసిరాతో సంతకం పెట్టారు.